మోటారుకు ఎంగిలి అంటుతుందా?

ఎల్లస్వామి మోటారుకు చక్రాలు నాలుగు. ఆ నాలుగింటి మీదా బామ్మర్ది దుర్గయ్యకు ఎప్పటినుంచో కన్ను. రబ్బరు చక్రాలు తగిలిస్తే తన ఎడ్లబండి నవాబు బండిలా పోతుందని ఆయన ఆశ.

శివరాత్రి పొద్దున దుర్గయ్య బండి కట్టుకుని వచ్చి, నల్లగొండలో అక్క నాగులమ్మ ఇంటి ముందు దిగాడు. చేతిలో నట్లు విప్పే పానా ఉంది.

"బావా, మాట యాదికున్నదా?"

ఎందుకు యాదికుండదు? కార్తీకంలో చుట్టాలందరి ముందు ఎల్లస్వామి అన్న మాటే అది. "ఈసారి శివరాత్రికి మా అమ్మను పానగల్ సోమేశ్వరుని కాడికి మోటారుల తీస్కపోత. లేకుంటే చక్రాలు ఊడవీక్కోని దుర్గయ్యనే తీస్కపొమ్మను." పోయిన ఏడాది పానగల్ బాటలో దుర్గయ్య బండి కుదుపులకు తల్లి జంగమ్మ నడుం పట్టేసి నెలకు పైగా మంచం దిగలేదు. ఆ బాధలో అన్న మాట. అన్ననాడు మోటారు బాగానే నడిచింది. నిన్న సాయంత్రం నడిబజారులో దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. పదిమందీ నవ్వుతూ ఇంటిదాకా నెట్టారు.

ఆ మోటారు ఒక జాగీర్దారు వాడి వదిలేసింది. ఆయన దగ్గర డ్రైవరుగా చేసిన అహ్మద్ అలీ ఎల్లస్వామికి నేస్తం. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్‌లోనే రోగం ఉందని తేల్చింది ఆయనే. ఇద్దరూ కలిసి దాన్ని విప్పి, ముక్కలన్నీ అరుగు మీద చేటలో పేర్చారు. పెట్రోలు మీద తేలే ఇత్తడి బుడ్డిని అహ్మద్ అలీ చెవి దగ్గర ఊపి చూశాడు. చప్పుడు లేదు, అంటే చిల్లి లేదు. మూత కింద చిరిగిపోయిన అట్ట జాగాలో ఊదుబత్తుల డబ్బా అట్ట కత్తిరించి పెట్టారు. ఇక మిగిలింది జెట్టు. వడ్లగింజంత ఇత్తడి ముక్క, నడుమ వెంట్రుక దూరేంత బెజ్జం. ఆ బెజ్జమే మూసుకుపోయింది.

"నోట్లె వెట్టుకోని ఊదు," అన్నాడు అహ్మద్ అలీ. "నాకు ముంగటి పండ్లు లేవాయె, గాలంత పక్కకు పోతది."

ఎల్లస్వామి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఎంగిలైతది భాయ్."

"ఏది?"

"మోటారు. సోమారం సోమారం పూజ జేస్తున్న దానికి. ఎంగిలి జేసి మల్ల దేవుని కాడికెట్ల తోల్త? పైంగ ఇయ్యాల ఒక్కపొద్దు. పెట్రోలు నాలిక్కు తగిల్తె ఒక్కపొద్దు ఉంటదా, పోతదా?"

అహ్మద్ అలీ గడ్డం గోక్కున్నాడు. "రంజాన్ రోజాల మేము నోరు పుక్కిలిస్తం, మింగం. నువ్వు గూడ మింగకు. మింగితే ఒక్కపొద్దు సంగతి తర్వాత, నువ్వే ఉండవు."

ఎల్లస్వామి ముందు విసనకర్రతో జెట్టుకు విసిరాడు. తర్వాత పొయ్యి దగ్గరి ఊదుగొట్టం తెచ్చి దూరం నుంచి బుస్సుమని ఊదాడు. జెట్టు ఎగిరి వాకిట్లో కోళ్ళ మధ్య పడింది. ఒక కోడి పరుగున వచ్చి దాన్ని పొడిచి చూసి, రుచించక వదిలేసింది.

"ఇగ కోడి ఎంగిలి గూడ అయింది," అన్నాడు దుర్గయ్య.

"నా ఊదుగొట్టం నాకియ్యి," అని లోపలి నుంచి నాగులమ్మ అరిచింది. "దేవునికి కందగడ్డలన్న ఉడకనీ. నీ మోటారైతే ఉడికేటట్టు లేదు."

దుర్గయ్య ముందు చక్రం దగ్గర చతికిలబడి ఒక నట్టు వదులు చేశాడు. ఎల్లస్వామికి తన పన్నే ఎవరో పీకుతున్నట్టు అనిపించింది.

నారాయణపేట చీర కట్టుకుని గడపలో కూర్చున్న జంగమ్మకు ఓపిక అయిపోయింది.

"ఒరే ఎల్లిగా, గుళ్ళె శంఖం ఎవడు ఊదుతడ్రా?"

"పూజారి."

"ముక్కుతోనా?"

"నోటితోనే. కాని అమ్మా, ఊదే శంఖం వేరే, దేవునికి నీళ్ళు వోసే శంఖం వేరే."

"మరి నీ మోటారు ఊదేదా, నీళ్ళు వోసేదా?"

ఎల్లస్వామి కోళ్ళను అదిలించి, జెట్టును ఏరుకుని పంచెకు తుడిచాడు.

"బజాట్ల పోయేటప్పుడు బొయ్యిమంటదా, అనదా?"

"అంటది."

"మరింకేందిరా? గది ఊదేదే. ఊదు!"

ఎల్లస్వామి ఆలోచనలో పడ్డాడు. ఎంగిలి శంఖం మోత వింటూనే దేవుడు రోజూ నిద్ర లేస్తాడు. ఒక్కనాడైనా ముఖం చిట్లించినట్టు ఎవరూ చెప్పగా వినలేదు. మరి ఈ ఎంగిలి లెక్కలు పెట్టేది ఆయనా, మనమా? ఆ సంగతి పానగల్ వెళ్ళి ఆయన్నే అడగాలి. అడగాలన్నా ముందు మోటారు నడవాలి.

"శివ శివా" అని జెట్టును నోట్లో పెట్టుకుని, బుగ్గలు బూరెల్లా పొంగేలా ఊదాడు. టప్‌మని ఏదో ఎగిరి అహ్మద్ అలీ తెల్ల అంగీ మీద పడింది. అందరూ వంగి చూశారు. ఎర్రటి బొట్టు.

"కుంకుమ!" అన్నాడు దుర్గయ్య.

సోమవారం సోమవారం పెట్రోలు ట్యాంకు మూతి చుట్టూ ఎల్లస్వామి పసుపు పూసి కుంకుమ అద్దుతాడు. మూత తీసినప్పుడల్లా కాస్త లోపల రాలేది.

"యా అల్లా!" అన్నాడు అహ్మద్ అలీ అంగీ దులుపుకుంటూ. "నీ భక్తంత దాని గొంతుల అడ్డం వడ్డదయా! మోటారు గాబట్టి దగ్గింది. మనిషైతే సచ్చేటోడు."

ఎల్లస్వామి ఊసి, నోరు పుక్కిలించి, ముక్కలన్నీ బిగించాడు. వదులు చేసిన నట్టును దుర్గయ్య గొణుక్కుంటూ తానే బిగించాడు. అహ్మద్ అలీ ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాడు. మోటారు ఒకసారి తుమ్మి, ఒక్కసారిగా గర్జించింది. కోళ్ళు కప్పెక్కాయి. దుర్గయ్య ఎడ్లు తోకలెత్తి ఖాళీ బండితో పానగల్ బాట పట్టాయి.

"ఓ... ఓహో!" అంటూ దుర్గయ్య వెనకే ఉరికాడు. సందు చివర ఊపిరాడక నిలబడ్డాడు. ఎల్లస్వామి మోటారు ఆయన పక్కనే వచ్చి ఆగింది. వెనక సీట్లో జంగమ్మ, నాగులమ్మ దర్జాగా కూర్చుని ఉన్నారు.

"ఎక్కురా దుర్గయ్యా," అంది జంగమ్మ. "పానా నా చేతికిచ్చి ఎక్కు."

ఎక్కాడు. ఎల్లస్వామి గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నంత నిదానంగా తోలసాగాడు.

"బావా, జర జోరుగ తోలు! ఎడ్లు కనవడ్తలేవు!"

"అమ్మ నడుం వడ్తది. గింతే పోతది."

దుర్గయ్య కళ్ళు మూసుకుని, బావ మోటారు చక్రాలు ఇంకాస్త బిరబిరా తిరిగేలా చూడమని సోమేశ్వరునికి మొక్కుకున్నాడు.