కేశవరావుగారి ఉల్క

2009 వేసవిలో ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళందరి ఈమెయిళ్ళకూ ఒక ఫోటో చేరింది. పార్కులో పచ్చిక, వెనక మేపుల్ చెట్లు, ఆకాశం నుంచి గడ్డి దాకా తెల్లటి చార. కింద 'ఉల్క నేలను తాకిన క్షణం, ఫోటో: కేశవరావు' అని ఉంది.

కేశవరావు ఉద్యోగం జనవరిలో పోయింది. కలిసినవాళ్ళందరూ "ఏమైనా దొరికిందా?" అని అడుగుతుంటే నలుగురిలోకి వెళ్ళడం మానేశారు. ఆ ఫోటో తీసిన తెలుగు సంఘం పిక్నిక్‌కు కూడా భార్య శశికళ పోరు పడలేకే వెళ్ళారు. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు ఉల్క గురించి వినడానికి ఇంటికి వస్తున్నారు.

ఫోటోను సంఘం వార్షిక సావనీర్ కవర్ మీద వేద్దామనుకున్న కార్యదర్శి శ్రీధర్, వసుమతికి ఫోన్ చేశాడు. భద్రతా పరీక్షల కోసం కార్లను గోడకు గుద్దించి, అప్పుడు తీసిన ఫోటోలను ఒక్కొక్కటే పరిశీలించడం ఆవిడ ఉద్యోగం.

"జస్ట్ ఫార్మాలిటీ అండీ. ఒకసారి చూసి ఓకే చెప్పండి."

ఆవిడ వాళ్ళింటికి వెళ్ళేసరికి కేశవరావు ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు.

"చప్పుడు వినిపించిందా అండీ?"

"లేదమ్మా."

"గుంట?"

"వెతికాం. గడ్డి ఎక్కువగా ఉంది."

"మీరు కళ్ళతో చూశారా?"

"ఫోటోలో చూశాను."

వసుమతికి విషయం అర్థమైపోయింది. శశికళ ఇచ్చిన కాఫీ తాగింది. రెండో కప్పు కూడా తాగింది. ఆ తర్వాత చెప్పింది: చిన్న రాయి అయితే నేలకు చేరకముందే వెలుగు ఆరిపోతుంది. పైగా కెమెరా రెప్ప, అంటే షట్టర్, తెరుచుకున్నది సెకనులో అరవయ్యో వంతు. అంతలో ఆ రాయి రెండు గజాలు దిగితే గొప్ప. ఫోటోలో చార చెట్టంత ఉంది.

సాయంత్రం ఆ ఫోటో తీసిన వేళకే ఆయన్ని అదే పార్కుకు తీసుకెళ్ళి నలభై ఫోటోలు తీసింది. మూడింటిలో అచ్చం అలాంటి ఉల్కలే పడ్డాయి.

"దోమా?" అన్నారు కేశవరావు.

"దోమో, ఈగో. లెన్స్ దగ్గర ఎగిరింది, ఎండ పడి మెరిసింది. చారలో ఈ ముడుల్లాంటివి రెక్కల ఊపు."

ఆయన ఆ మూడు ఫోటోలనూ మళ్ళీ ఒక్కొక్కటే చూశారు.

"మళ్ళీ అందరూ జాబ్ గురించే అడుగుతారు."

"అడుగుతారండీ," అంది వసుమతి. "శ్రీధర్‌కి నన్ను చెప్పమంటారా?"

"నా ఫోటో కదమ్మా. నేనే చెప్తాను."

ఆదివారం సంఘం సమావేశంలో కేశవరావు లేచి నిలబడి, అది ఉల్క కాదు, పురుగని చెప్పారు. ఉల్క అన్నప్పుడు ఒక్కరూ రుజువు అడగలేదు. పురుగు అనేసరికి అందరూ అడిగారు. ఏ పురుగు, ఎవరు కన్ఫర్మ్ చేశారు, ఆ పురుగు ఇప్పుడెక్కడుంది అని గంటసేపు ప్రశ్నలు. కేశవరావు బోర్డు మీద బొమ్మలు గీసి అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు.

చివరికి వెనక వరసలోంచి పరంధామయ్యగారు లేచారు.

"అది ఉల్కే. నేను చప్పుడు విన్నాను."

"మీరు పిక్నిక్‌కి రాలేదు కదండీ," అన్నాడు శ్రీధర్.

"ఇంట్లో విన్నాను."

కేశవరావు జేబులోంచి కలం, కాగితం తీసి, ఆయన పక్కన కూర్చున్నారు.

"ఎన్నింటికి విన్నారండీ?" అని వసుమతిలాగే అడిగి, రాసుకోవడం మొదలుపెట్టారు.