మునివెంకటమ్మ నడక

2003 వేసవిలో కృష్ణగిరి దారిలో కొత్తగా పెట్టిన ఒక కళల కాలేజీ నుంచి కొందరు పిల్లలు హోసూరు దగ్గరి ఉద్దనపల్లికి వచ్చారు. పల్లె ఆటపాటలు నేర్చుకుపోవాలని వాళ్ల ఆరాటం. జాతరలో ఆడే ఆట మునివెంకటమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఊళ్లోవాళ్లు చెబితే, ఆమె ఇంటి ముందే మకాం పెట్టారు. చిన్నప్పుడు బండ మీంచి పడి ఆమె ఎడమకాలు వంకరపోయింది. అయినా రోజంతా గొర్రెల వెంట తిరుగుతుంది, ఆట మొదలైతే వయసు పిల్లలకు తీసిపోదు. ఆ పిల్లలకు అడుగులు నేర్పింది. గొర్రెల్ని పిలిచే కేక నేర్పింది. రాగిసంగటీ ఉలవచారూ పెట్టి పంపింది.

కూతురు నళిని ఆ ఏడే ప్లస్ టూ పాసయింది. డాన్సు చదవాలని దానికి పిచ్చి. మద్రాసు సర్కారు కాలేజీకి అప్లికేషను తెప్పించుకుంది. ఇంతలో ఆ పిల్లల కాలేజీ డైరెక్టరు పద్మనాభం తానే ఊరికి వచ్చి, నళిని ఆట చూసి, "సీటు ఇచ్చేశామనుకోండి. ఫీజు కూడా వద్దు. వార్షికోత్సవానికి ముగ్గురూ రండి, ఆ రోజే చేర్చుకుంటాం" అన్నాడు.

హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి మునిరాజు సంబరపడిపోయాడు. "మద్రాసు యాడ, ఈడ యాడ? పొద్దున బస్సెక్కితే సందేళకి ఇంట్లో ఉంటావు పాపా" అన్నాడు. నళినికీ అదే మేలనిపించింది.

వార్షికోత్సవం రోజున వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఊరికి వచ్చిన పిల్లలే స్టేజి ఎక్కారు. ముఖాలకు, చేతులకు నల్లరంగు పూసుకున్నారు. పళ్లకు మసి రాసుకున్నారు. ఒకడు తల బరుక్కుంటూ పేను తీసి గోటిమీద నొక్కాడు. ఇంకొకడు కంబళి అంచుకు ముక్కు తుడుచుకున్నాడు. హాలంతా విరగబడి నవ్వింది.

తర్వాత ఒకమ్మాయి చీర మోకాళ్లపైకి దోపుకుని, ఎడమకాలు ఈడుస్తూ, నడుము పక్కకు విసురుతూ వచ్చింది. గొర్రెల్ని పిలిచినట్టు గొంతు చించుకుని అరిచి, తుపుక్కున ఉమ్మింది. ఈలలు మోగాయి.

నళిని పక్కకు చూసింది. తల్లి అందరితో పాటు నవ్వుతోంది. ఆ అమ్మాయి మళ్లీ కాలు ఈడ్చింది. అప్పుడు మునివెంకటమ్మ నవ్వు ఆగిపోయింది.

పద్మనాభం మైకు పట్టుకున్నాడు. "నకలు చూశారు, ఇప్పుడు అసలు చూడండి!" అంటూ ఆమెను స్టేజి మీదికి పిలిచాడు. శాలువా కప్పి మైకు నోటి దగ్గర పెట్టాడు. "ఆ కేక ఒకసారి వేయమ్మా."

ఆమె వేసింది. పెద్దవాళ్లు అడిగితే కాదనడం ఆమెకు తెలియదు. జనం మళ్లీ నవ్వారు. దిగివస్తున్నప్పుడు ఆమె కాలు ఈడ్వకుండా నడవాలని చూసి, మెట్టు మీద తూలింది.

నళినికి అక్కడి గాలి పీల్చాలన్నా రోత పుట్టింది. లేచి తెర వెనక్కి పోయింది. తల్లి వేషం వేసిన అమ్మాయి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. పేరు భువన. మునివెంకటమ్మ పక్కన పడుకుని, మూడు పూటలా ఆమె చేతి సంగటి తిన్న పిల్ల.

"మాయమ్మ అట్లా ఉమ్ముతుందా?" అని అడిగింది నళిని.

భువన తల దించుకుంది. "సారు చెప్పినాడు నళినీ. ఉత్త ఆటయితే ఎవురూ చూడరంట. నవ్వించితేనే మార్కులు."

"నీకు అసయ్యం కాలేదా?"

"మొదట్లో అయ్యింది" అంది భువన, నల్లటి దూదిని చెత్తలో పడేస్తూ.

ఆఫీసుగదిలో మునిరాజు చేరే కాగితాల మీద సంతకం పెట్టబోతుండగా నళిని వచ్చింది.

"పోదాము నాయినా. నేను ఈడ చేరను."

"ఏమైందే? నాటకమన్నాక అన్నీ ఉంటాయి. వాళ్లు నిన్నేమన్నా అన్నారా?"

పద్మనాభం చిరునవ్వు నవ్వాడు. "చిన్నపిల్ల. కళను కళగా చూడటం ఇక్కడే నేర్పిస్తాం" అంటూ ఆమె భుజం తట్టబోయాడు. నళిని పురుగు పాకినట్టు వెనక్కి తప్పుకుంది. అతని వేళ్లకూ ఆ నల్లరంగు అంటుకుని ఉంది.

బస్టాండులో తల్లి ఒళ్లో శాలువా చూసి నళిని మండిపడింది. "దాన్ని ఈడనే పారేయమ్మా."

"బాగుండాది కదే, ఎందుకు పారేసేది?" అంది మునివెంకటమ్మ. కాసేపు శాలువా అంచు మడతపెడుతూ కూర్చుంది. తర్వాత మెల్లిగా అడిగింది. "నా నడక అంత వికారంగా ఉంటుందా పాపా?"

మునిరాజు బస్సు వచ్చే వైపు తిరిగి నిలబడ్డాడు. నళిని దగ్గరగా జరిగి తల్లి చెయ్యి పట్టుకుని, "లేదమ్మా. లేదు" అంది.

మద్రాసు కాలేజీకి అప్లికేషను పంపే గడువు అప్పటికే దాటిపోయింది. నళిని ఒక ఏడాది హోసూరులో బట్టల కంపెనీలో పనికి పోయింది. చేతికొచ్చిన సీటు కాలదన్నుకుందని మునిరాజు ఆ ఏడాదంతా సణుగుతూనే ఉన్నాడు. ఆ ఏటి జాతరలో మునివెంకటమ్మ కాలు నొప్పి అని ఆటకు లేవలేదు.

మరుసటి జూన్‌లో సర్కారు కాలేజీ ఇంటర్వ్యూకు మునిరాజే కూతుర్ని మద్రాసు తీసుకెళ్లాడు. గేటు దగ్గర ఆగి, "ఈళ్లు మటుకు మంచోళ్లని ఏం గ్యారంటీ?" అన్నాడు.

"తెలీదు నాయినా. మంచోళ్లు కాకపోతే ఈడా ఉండను" అని నళిని లోపలికి నడిచింది.

సీటు వచ్చింది. మునిరాజు ముఖం ముడుచుకునే హాస్టల్లో దిగబెట్టి, కొత్త బకెట్టూ పెట్టెకు తాళమూ కొనిచ్చి, రాత్రి రైలుకు ఊరికి మళ్లాడు.