పది చుట్ల గంట

వంద చుట్లు తిప్పితే అతను రోజంతా నడిచేవాడు. గడియారాలు బాగుచేసే టైలరమ్మ నాన్న, చేతిసాయానికని చేసిన ఇత్తడి మనిషి అతను. నాన్న పోయాక ఇరవై ఏళ్లుగా అతని వీపులో కీ తిప్పుతున్నది టైలరమ్మే. ఆ కీ ఇంకెవరి చేతికీ లొంగలేదు. మొదట్లో కొట్టుపని కోసం తిప్పింది. ఎప్పటినుంచో అతని కోసమే తిప్పుతోంది.

ఇప్పుడామె వేళ్ల కీళ్లు వాచాయి. చుట్లు నలభైకి దిగాయి, ఇరవైకి దిగాయి. నిన్న పదికే చెయ్యి ఆగిపోయింది.

"అన్నయ్యగారు ఇంకా లేవలేదా వదినా? మీ తమ్ముడే నయం!" అంటూ వచ్చింది మరదలు, మెకానిక్‌ను వెంటబెట్టుకుని.

"లేపే ఓపిక నాకే లేదే."

మెకానిక్ అతని వీపు విప్పి చూశాడు. "స్ప్రింగు తీసి మోటారు పెడదామమ్మా. ఇక ఆగమన్నా ఆగడు."

"నన్ను గుర్తుపడతాడా?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "గుర్తులన్నీ ఈ స్ప్రింగులోనే చుట్టుకుని ఉన్నాయి కదమ్మా."

"కొత్త పెళ్లికొడుకు వచ్చాడనుకో..." అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది మరదలు.

"ఆయన్నీ అడగాలిగా," అని టైలరమ్మ పళ్లు బిగించి పది చుట్లు తిప్పింది. అతను కళ్లు తెరిచాక సంగతి చెప్పింది.

"పెట్టించెయ్," అన్నాడతను. "నీ చేతులు చూడలేకపోతున్నా."

"నేనెవరో తెలియని మనిషితో ఒకే ఇంట్లో తిరగమంటావా? నా వల్ల కాదు."

"పది చుట్లకు గంటే వస్తుంది."

"చాలు. మొగుడూ పెళ్లాలు రోజంతా ఏం మాట్లాడుకుంటారు? మా మరదల్ని అడుగు."

"గంటా! మాకు అయిదు నిమిషాలకే పోట్లాట," అంది మరదలు, కళ్లు తుడుచుకుంటూ.

మెకానిక్ పనిముట్లు సర్దుకున్నాడు.

మర్నాడు సాయంత్రం కొట్టు కట్టేసి, కీ తిప్పి, అతని ఎదురుగా కూర్చుంది టైలరమ్మ. పొద్దుటినుంచి దాచుకున్న కబుర్లు మొదలుపెట్టింది. కొలతలిస్తూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగిన పెద్దమనిషి సంగతి చెప్పింది. రెండో కబురు మధ్యలో ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి గంట దాటింది. అతను ఆగిపోయి ఉన్నాడు. బల్లమీది చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టి ఉన్నాయి. ఆమె కుడిచెయ్యి అతని రెండు చేతుల మధ్య ఉంది. ఇస్త్రీపెట్టె మీద కాచుకున్నాడు కాబోలు, ఆ ఇత్తడి అరచేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

రేపు తొమ్మిదే తిప్పగలదేమో. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మళ్లీ కళ్లు మూసుకుంది.