రెండో కొస

జిప్పులాయన స్కూలు బ్యాగు జిప్పు పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రుద్ది, రన్నరు లాగాడు. సగం దాకా సాఫీగా వచ్చింది. నిజానికి ఇది ఇద్దరు చేసే పని. ఒకరు కొస బిగించి పట్టుకోవాలి, ఇంకొకరు లాగాలి. ఇరవై రెండేళ్లు కొస పట్టుకున్న తోడల్లుడు పోయి మూడు నెలలైంది. బల్ల అవతల ఆయన స్టూలు ఖాళీ. కొస మాత్రం బిగుతుగానే ఉంటోంది. ఎవరు పట్టుకున్నారో జిప్పులాయన ఏనాడూ వంగి చూడలేదు. వచ్చిన సాయాన్ని ఆరాలు తీసి చెడగొట్టుకునే రకం కాదు.

కొట్టు అగ్రిమెంటు ఇద్దరి పేర్ల మీదా ఉంది. ఒక్కడి పేరున కొత్త కాయితం తేకపోతే ఇవాళ ఐదింటికి తాళం పడుతుందని ఓనరు చెప్పి నెలైంది. జిప్పులాయన ఇవాళే మొదలుపెట్టాడు.

"వ్యాపారం కాయితాలు చూసే మంచి లాయరెవరండీ?" అని పక్కకొట్టు జిరాక్సాయన్ని అడిగాడు.

"మా లాయర్ని పెట్టుకోండి. మహా ఓపిక. మా ప్రహరీగోడ కేసు పద్నాలుగేళ్లుగా ఆయనే చూస్తున్నాడు."

"గెలుస్తారా?"

"గోడ పడిపోయిందిలెండి. కేసు నిలబడే ఉంది."

భార్యకి ఫోను చేశాడు.

"మా మేనమామ వియ్యంకుడు లాయరే కదా!"

"ఆయన విడాకులు చూస్తాడే."

"అయితే ఏం? మీరూ బావగారూ విడిపోవడమేగా ఇదీనూ!"

జిప్పులాయన ఫోను పెట్టేశాడు.

ఊళ్లో లాయర్ల బ్యాగులన్నీ ఈ బల్ల ఎక్కినవే. వాటినే ఒక్కొక్కటీ తలుచుకున్నాడు. ఒకాయన జిప్పు పళ్లు రాలేదాకా కేసులు కుక్కుతాడు, మళ్లీ తీయడు. ఇంకొకాయన బ్యాగులో క్యారియరు, గాలిదిండు తప్ప ఏమీ ఉండవు. ఒక్కావిడ బ్యాగుకే పిడి అరిగింది. అంటే తన బరువు తనే మోసుకుంటుంది.

ఆవిడ ఆఫీసు మూడో అంతస్తు. కుర్చీ మీది ఫైళ్లు తీసి కూర్చోమంది. పాత కాయితం మొత్తం చదివింది.

"మీ భాగస్వామి ఎప్పుడు పోయారు?"

"ఇంకా పూర్తిగా పోలేదండీ."

ఆవిడ నవ్వలేదు. మంచి లాయరేనని అతనికి అప్పుడే నమ్మకం కుదిరింది.

"కాయితం మీద పూర్తిగా పోవాలండీ. లేకపోతే కొట్టు పోతుంది."

ఒక్కడి పేరున కొత్త కాయితం తనే టైపు చేసి ఇచ్చింది. 'భాగస్వామి మరణించినందున ఉమ్మడి వ్యాపారం ముగిసినది.' జిప్పులాయన నాలుగుసార్లు చదివాడు.

"'ముగిసినది' బదులు 'ఆగినది' అని వెయ్యచ్చాండీ?"

"వేస్తే చెల్లదండీ."

అతను పక్కనున్న రెండో కుర్చీ వైపు చూశాడు. దాని నిండా ఫైళ్లున్నాయి. ఆవిడ లేచి, అవి కూడా తీసేసింది.

"అన్నయ్యా, ఏమనుకోకు," అని సంతకం పెట్టాడు.

ఐదింటికి ఓనరు వచ్చి, కాయితం చూసుకుని, తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. కొట్టు దక్కింది.

పొద్దున సగంలో ఆపిన బ్యాగు ముందుకు జరుపుకుని జిప్పులాయన రన్నరు లాగాడు. రెండో కొస మెత్తగా జారి, చేతిలోకి వచ్చేసింది.

మొదటిసారి వంగి చూశాడు. స్టూలు ఉంది. దాని మీద తోడల్లుడి కొవ్వొత్తి ముక్క ఉంది, బొటనవేలు నొక్కీ నొక్కీ పడిన గుంటతో.