ఆముదం చేతులు

బోరు లారీ పల్లెలోకి తిరగ్గానే పిల్లలు కేకలు పెడుతూ దాని వెంట పడ్డారు. చర్చి ముందు ఆగాల్సిన లారీ ఆగితేనా! చర్చి దాటింది, పల్లె దాటింది, నేరుగా పోయి ప్రెసిడెంటు వెంకటనారాయణ మిరప కల్లంలో నిలబడింది. మంజూరు కాగితం మీద రాసి ఉన్నది మాత్రం జువ్వలపాడు హరిజనవాడ అని.

కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకి పెద్ద పున్నమ్మ. చేతిలో గంప కింద పడేసి లేచింది.

"ప్రెసిడెంటు గారండీ, అది మా బోరండీ."

"మీ పల్లెలో నీళ్లు పడవంటనే! ఆఫీసరు చెప్పాడు. అయినా ఇక్కడ పనిచేసేది మీరేగా? మీరే తాగుదురుగాని."

ఏం తాగనిచ్చాడు! నీళ్లు పడ్డ రోజునే మోటారు షెడ్డుకి చారెడంత తాళం వేశాడు. మధ్యాహ్నం మనిషికో చెంబు, అంతే. ఇంటికి కావాలంటే మైలు దూరంలో కప్పలు కుళ్లే గుంట ఉండనే ఉంది. పోయిన ఎండాకాలం ఆ గుంట నీళ్లు తాగే పున్నమ్మ మనవరాలు వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయింది. ఆ పిల్ల బతికుంటే ఆ రోజు లారీ వెంట పరిగెత్తేది.

ఎనభై ఎనిమిదిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పదిహేనేళ్లుగా కుర్చీ దిగనివాడు ఈసారీ ఏకగ్రీవమే అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పల్లె అంతా చర్చి ముందే కూర్చుంది.

"వాణ్ని కాదంటే కల్లంలో పని పోద్ది. తినేదేంటి?" అన్నాడు సంఘపెద్ద ఇమ్మానియేలు.

"వాడి మిరపకాయలు వాడి పెళ్లాం ఒలుస్తదా మాఁవా?" అంది రెబ్కా. ముఠాలో అందరికంటే చిన్నది, ఏడో తరగతి చదివింది, నోరు గట్టిది. "మనం లేకపోతే వాడికీ లేదు."

"అయితే నువ్వే నిలబడవే," అంది పున్నమ్మ. "మన బోరు మనకి తెస్తావా?"

"అందరూ వస్తే తెస్తా. నేనొక్కదాన్నే ఏం తెస్తానత్తా?"

రెబ్కా నామినేషన్ వేసింది. పున్నమ్మ అల్లుడు తోమా సైకిలు మీద తిరిగి గడపగడపకీ చెప్పాడు.

వెంకటనారాయణ ఊరుకుంటాడా? పోలింగు మర్నాడే సరుకు గుంటూరు యార్డుకి పోవాలన్నాడు. ఓటేసి ఎనిమిదికల్లా కల్లంలో లేకపోతే మళ్లీ పనిలోకి రావద్దన్నాడు. సరే, ఓటేసి అటునుంచి అటే పోదామనుకున్నారు ఆడవాళ్లు. తొడిమలు తీసే చేతులకి ఆముదం రాయకపోతే రాత్రంతా మంటే. అందుకని రోజూలాగే తెల్లారకముందే మోచేతుల దాకా ఆముదం పట్టించి, నలభై మందీ పోలింగు జరిగే బడి ముందు వరస కట్టారు. ఏమవుతుందో ఒక్కరికి తడితే ఒట్టు!

మొదట పున్నమ్మ వెళ్లింది. వేలి మీద ఇంకు చుక్క పెట్టారు. చుక్క నిలవలేదు, జారిపోయింది. చేయి అలవాటుగా కొంగుకి తుడుచుకుంది. వేలు మళ్లీ ఎప్పట్లాగే ఉంది.

ఏజెంటుగా కూర్చున్న ప్రెసిడెంటు మేనల్లుడు రాఘవులు ఎగిరి లేచాడు. "దొంగ ఓట్లండీ! రెండేసి ఓట్లు వేద్దామని నూనె రాసుకొచ్చారండీ, లంజలు!"

"నోరు మూయరా! ఇది మా పని నూనె!" అంది పున్నమ్మ.

"ఇంకు నిలవకపోతే ఓటు ఇవ్వనమ్మా. చేతులు కడుక్కుని రండి," అన్నాడు పోలింగు ఆఫీసరు.

ఎక్కడ కడుక్కుంటారు? ఇళ్లలో కడవల అడుగున మిగిలిన నీళ్లు పిల్లల గొంతు తడపడానికే చాలవు. బడి కుండ దగ్గర రాఘవులు మనుషులు అడ్డం నిలబడ్డారు. వాడు నవ్వాడు కూడా. "కల్లానికి పొండే. మీ ఓట్లు ఎట్టాగో పడతాయిలే."

ఆ మాటతో అందరికీ అర్థమైపోయింది. తాము అటు పోగానే తమ పేర్ల మీద ఎవరు ఓట్లు గుద్దుకుంటారో తెలిసిపోయింది.

"కల్లానికే పోదాం పదండి," అంది పున్నమ్మ. "మన నీళ్లు అక్కడే ఉన్నయ్యిగా."

నలభై మందీ కల్లం మీద పడ్డారు. కాపలావాడు అడ్డం వచ్చి, ఆ ముఖాలు చూసి పక్కకి తప్పుకున్నాడు. పున్నమ్మ బండరాయి ఎత్తి తాళం మీద మూడు దెబ్బలు వేసింది. రెబ్కా స్విచ్చి నొక్కింది. గొట్టంలోంచి నీళ్లు భళ్లున దూకాయి. బూడిద వేసి చేతులు రుద్దుకున్నారు, ముఖాలు కడుక్కున్నారు, కడుపు నిండా తాగారు. పున్నమ్మ మాత్రం దోసిట్లో నీళ్లు పట్టుకుని తాగలేక ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి బడి ముందు పోలీసు జీపు ఉంది.

"తాళం పగలగొట్టింది ఎవతే?" అన్నాడు ఎస్సై.

"నేనే."

"ఎక్కు జీపు."

"ఓటేసి ఎక్కుతా."

ఎస్సై ఆమె జబ్బ పట్టుకున్నాడు. అంతే, ముప్ఫై తొమ్మిది మందీ జీపు ముందు నేల మీద కూర్చున్నారు. లాఠీ లేచింది, ఒకామె భుజం మీద పడింది. ఒక్కరూ లేవలేదు. లోపల్నుంచి ఆఫీసరు పరిగెత్తుకొచ్చి, "నా పోలింగు బూత్ ముందు రక్తం చూడలేనండీ, ఆవిణ్ని ముందు ఓటు వేయనివ్వండి," అని బతిమాలాడు.

పున్నమ్మ వెనకే మిగతావాళ్లంతా మళ్లీ వరస కట్టారు. ఈసారి ఇంకు పట్టింది, నల్లగా, గోరు మొదలు దాకా. పున్నమ్మ ఓటేసి బయటికొచ్చి, అదే చెయ్యి ఎస్సై ముందు చాపింది.

మూడో రోజు సబ్‌జైలు ఊచల దగ్గరికి తోమా వచ్చాడు. కళ్లు దించుకుని చెప్పాడు. "తొమ్మిది ఓట్లతో రెబ్కా ఓడిపోయిందత్తా. ఊళ్లో చచ్చినోళ్ల ఓట్లు కూడా వేయించాడు వాడు."

పున్నమ్మ ఊచ పట్టుకుంది.

"బోరో?"

"కొత్త తాళం వేశాడు."

"మరి?"

"తెల్లారి అరవై కడవలతో పోయి పగలగొట్టాం. మా ఇమ్మానియేలు మాఁవే రాయెత్తాడు. నిన్న ఇంకోటి వేశాడు, అదీ పగలగొట్టాం. పనిలోకి ఎవరూ పోవట్లా. సరుకంతా తొడిమలతోనే ఉండిపోయింది."

"ఇవాళో?"

"ఇవాళ తాళం వేయలేదత్తా. పల్లె అంతా అక్కడే నీళ్లు పట్టుకుంటంది."

పున్నమ్మ పకపకా నవ్వింది. ఎందుకే ఆ నవ్వు అని గదమాయించాడు సెంట్రీ. ఆమె వాడి వంకైనా చూడలేదు. ఊచల్లోంచి ఇంకు వేలు బయటికి చాపి అల్లుడితో అంది.

"రెబ్కాకి చెప్పు. చర్చి ముందు బోరేసి, ఆ మోటారు పీకి అక్కడ బిగించేదాకా ఒక్క తొడిమ కూడా తీయొద్దని."