పాట మధ్యలో ఖాళీ

మహిమ, సంగీత కలిసి పాటలు కట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మహిమది భద్రాచలం. సంగీతది గోదావరి ఆవలి ఒడ్డున బూర్గంపాడు దగ్గరి తండా. అందుకే తమ జంటకు ‘రెండొడ్లు’ అని పేరు పెట్టుకున్నారు. చర్చిలో కీబోర్డు వాయించే మహిమ రాగం కడితే, దవాఖానా ల్యాబులో పనిచేసే సంగీత స్టీలు బిందెల మోతలు, బస్సు తలుపు చప్పుళ్లు, బోరు మోటరు మూలుగులు తెచ్చి అందులో కలిపేది. మొదటిసారి క్రిస్మస్ వేడుకలో వినిపిస్తే, మోటరు ఎవరు ఆన్ చేశారో చూసి రమ్మని పాస్టరు షాలేమ్‌రాజు గారు మనిషిని పంపారు. తర్వాత ఖమ్మంలో కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద వేదిక నుంచే పిలుపు వచ్చింది.

దానికోసం మహిమ ఒక కొత్త పాట చేసింది. అక్కడే పొరపాటు పడింది.

నిరుడు సంగీత అక్క పెళ్లిలో, అప్పగింతలప్పుడు, పెళ్లికూతురు ఒక్కొక్కరినీ కావలించుకుని ఢావ్లో పాడింది. లంబాడీ ఆడపిల్ల పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడే పాట అది. మహిమ దాన్ని ఫోనులో రికార్డు చేసుకుంది. ఆ గొంతును ముక్కలు చేసి, కింద దడదడమనే బీటు పరిచి, సంగీత సంబరపడుతుందని చర్చి వెనక గదిలో వినిపించింది.

సంగీత చివరిదాకా విన్నది.

“మా అక్క ఏడుస్తుంటే జనం ఎగురుతరా, మహిమక్కా?”

అంతే అడిగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఫోను ఎత్తలేదు.

మహిమకు అన్నం సహించలేదు. ఎవరైనా లేచి గుమ్మం వైపు నడిస్తే ఇక రారేమోననుకునే మనిషి ఆమె. చిన్నప్పుడు తల్లి మందులు తెచ్చుకొస్తానని పోయి, తిరిగి రాలేదు. సంగీతకు చెప్పాల్సిన మాటలు మనసులో ఎన్నో కూర్చుకుంది గానీ, అన్నీ ‘నన్ను వదిలిపోకు’ అని బతిమాలినట్టే ఉన్నాయి. చివరికి మాటలేవీ లేకుండానే బస్సెక్కి వంతెన దాటింది.

తండాలో సంగీత తల్లి లాలి మిరపకాయలు ఆరబోస్తోంది. గొడవైతే మాత్రం గట్ల ఎండిపోతరా బిడ్డా అని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. సంగీత గడప దిగలేదు. మహిమ ఫోను తీసి, ఆమె చూస్తుండగానే ఆ గొంతున్న భాగమంతా తుడిచేసింది. అడగకుండా తీసుకున్నానని ఒప్పుకుంది.

“ఇప్పుడు ఆ జాగల ఏం పెడ్తవ్?” అంది సంగీత.

“ఏం పెట్టను. ఖాళీగనే ఉంటది.”

“జనం కరెంటు పోయిందనుకుంటరు.”

“అనుకోనీ.”

లాలి నవ్వింది. సంగీత నవ్వలేదు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ప్రయాణం నాడు మాత్రం బిందెల మూటతో బస్టాండుకు వచ్చింది. దారి పొడుగునా అవసరమైన మాటలే మాట్లాడింది. ఈ ఒక్కసారికే వచ్చిందేమోనని మహిమ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

వేదిక మీద పాట సగానికి, ఆ ఖాళీ దగ్గరికి వచ్చి ఆగింది. అనుకున్న ప్రకారం మహిమ తల ఊపగానే ఇద్దరూ మళ్లీ అందుకోవాలి. మహిమ తల ఊపింది. సంగీత చేయి లేవలేదు. హాల్లో ఎవరో దగ్గారు. మైకు పోయిందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇక్కడే, ఇంతమంది ముందే తనను వదిలేస్తోందనుకుంది మహిమ.

అప్పుడు చూసింది. సంగీత కళ్లు మూసుకుని ఉంది, పెదవులు సన్నగా కదులుతున్నాయి. అక్క పాటను లోలోపలే, ఒక్క ముక్క కూడా కోయకుండా పాడుకుంటోంది. మహిమ మళ్లీ తల ఊపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది. హాలు కూడా మెల్లగా సద్దుమణిగింది.

సంగీత కళ్లు తెరిచి, మహిమ వైపు చూసి, బిందె మీద దెబ్బ వేసింది. ఇద్దరూ కలిసి అందుకున్నారు.

దిగి వచ్చాక, బిందెలు మూటగడుతూ సంగీత తల ఎత్తకుండానే అంది:

“వచ్చే పాటకు రికార్డింగు నేను చేస్త. నువ్వు ఫోను ముట్టకు.”