తెలిసినవాళ్ళ చేతిలో గ్లాసు

మా దయానందం సార్ ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చోవాలి. పాఠం వచ్చినవాళ్ళు పక్కన స్టూలు మీద, రానివాళ్ళు కీబోర్డు ముందు. వచ్చినవాళ్ళ చేతికి సార్ టీ గ్లాసు ఇచ్చేవారు, అంచు దాకా నింపి. రెండు చేతులతో పట్టుకోకపోతే ఒలుకుతుంది. పట్టుకుంటే ఇక కీబోర్డు ముట్టుకోవడం కుదరదు.

"తెలిసినోళ్ళకు నోరు చాలు బిడ్డా. చేతులు పక్కోళ్ళవి" అనేవారు.

ఇది పన్నెండేళ్ళ కిందటి మాట. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు. మెట్రో పిల్లర్లు అప్పుడే లేస్తున్నాయి. తలలో, టిఫిన్ డబ్బాలో, జిరాక్సు నోట్సులో అంతటా దుమ్మే. యూసుఫ్‌గూడ నుంచి నడిచి వచ్చేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అమ్మ ఆసుపత్రిలో ఆయా. రోజూ నా నెత్తిన చెయ్యి పెట్టి, "ప్రభువా, దీనికి ఆ కంప్యూటర్ అర్థమయ్యేటట్టు చెయ్యి" అని ప్రార్థన చేసి పంపేది. నాకు త్వరగానే అర్థమైంది. అందుకని ఎక్కువ రోజులు గ్లాసు నా చేతిలోనే ఉండేది.

కీబోర్డు ముందు అనుదీప్. కామారెడ్డి దగ్గర ఊరు, ఎస్సార్ నగర్‌లో హాస్టలు. ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక వేలితో కొట్టేవాడు. నేను ఆగలేక స్టూలు మీద కదిలేదాన్ని.

"జర ఆగు జాయ్సీ. నువ్వు గట్ల ఊపిరి తీస్తుంటే నాకు వచ్చింది సుత పోతుంది" అనేవాడు.

"ఊపిరి కూడా తీసుకోవద్దా?"

"టీ తాగు. నోరు బిజీగ ఉంటది."

ఆ రోజులు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటాయి. గుర్తు రాకుండా ఉంటే బాగుండునని నేను అనుకునే రోజు కూడా ఒకటుంది. అది తర్వాత చెప్తాను.

ఇప్పుడు నేను పంజగుట్టలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. మూడు నెలల కిందట నన్ను టీం లీడ్ చేశారు, ఇంకా ఖాయం చెయ్యలేదు. నా కింద నలుగురు. వాళ్ళలో యశస్విని కొత్తమ్మాయి. భీమవరం దగ్గరి నుంచి వచ్చింది. వాళ్ళింట్లోనూ డిగ్రీ చదివింది తనొక్కతే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల మీద నాకు కొంచెం ఎక్కువ ప్రేమ.

ఒక బుధవారం పొద్దున మా మేనేజరు హరిణి గారు పిలిచారు.

"యశస్విని ప్రొబేషన్ శుక్రవారంతో అయిపోతుంది. డాక్టరు సెలవు పెడితే పేషెంట్లకు మెసేజ్ వెళ్ళే భాగం తనదే కదా. నా ముందు కూర్చుని అందులో ఒక మార్పు చేసి చూపించమను. చేస్తే ఉంటుంది. లేకపోతే నేను ఆపలేను, పైన అడుగుతున్నారు."

"చేస్తుంది మేడం" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆ భాగం యశస్విని రాయలేదు. నేను రాశాను. తను తడబడుతుంటే జాలేసి, "ఇటివ్వు, నేను చూస్తాలే" అని రెండు నెలలుగా తన పని నేనే చేస్తూ వచ్చాను. పేరు మాత్రం తనది పెట్టాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

బయటికొచ్చి తనకు చెప్పాను. మొహం పాలిపోయింది.

"అక్కా, నాకందులో సగం అర్థమే కాదు కదండి. మీరు చేస్తుంటే అడగడానికి భయమేసేది. మీరు చాలా స్పీడండి."

తర్వాత చెప్తానన్న ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది.

కోర్సు చివర్లో ల్యాబుకే ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు, మా ప్రాజెక్టులు చూసి పిల్లల్ని ఎంచుకోడానికి. నాదీ అనుదీప్‌దీ ఒకటే ప్రాజెక్టు, చెరి సగం. ముందు రోజు సాయంత్రానికి కూడా వాడి సగం అవలేదు. దయానందం సార్ చర్చికి వెళ్ళగానే నేను గ్లాసు కింద పెట్టాను. వాణ్ణి లేపి, గంటలో మొత్తం రాసేశాను. మర్నాడు కంపెనీవాళ్ళు వాడి సగంలోంచే ప్రశ్నలు అడిగారు. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఉద్యోగం వచ్చింది.

మెట్ల మీద అడిగాను, "నేను రాశానని చెప్పలేదేం?"

"చెప్తే ఇద్దరిదీ పోతుండె గదా" అన్నాడు, చెప్పులు వేసుకుంటూ.

అంతే. మళ్ళీ వాడికి నేను ఫోను చెయ్యలేదు. మొహం చెల్లలేదు.

ఆ బుధవారం లంచ్ మానేసి అమీర్‌పేట నడిచాను. ఫ్లైఓవర్ దాటితే పావుగంట. సందులో పాత బోర్డులన్నీ పోయాయి, కొత్త కోర్సుల పేర్లు వచ్చాయి. పిల్లలు మాత్రం అలాగే ఉన్నారు. వీపున బ్యాగు, చేతిలో జిరాక్సులు, ఇడ్లీ బండి దగ్గర నిలబడి తింటూ ప్రశ్నలు అప్పజెప్పుకుంటున్నారు. మూడో అంతస్తులో మా ల్యాబు సగం లేడీస్ హాస్టలు అయిపోయింది. మిగిలిన సగంలో ఆరు కంప్యూటర్లు, దయానందం సార్. జుట్టు మొత్తం తెల్లబడింది.

"జాయ్సీ కదమ్మా. అమ్మ బాగుందా? మోకాళ్ళెట్లున్నయి?"

కూర్చున్నాను. యశస్విని సంగతి, అనుదీప్ సంగతి రెండూ చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు స్టూలు కింద గ్లాసు చూసిన్నే. నిండుగ ఉన్నది, మీద మీగడ కట్టింది. నువ్వు పట్టుకోలేదని అప్పుడే తెలిసింది."

"మరి తిట్టలేదేం సార్?"

"ఉద్యోగమొచ్చిన పిల్లని ఏం తిడతా? అడుగుతవని చూసిన. పన్నెండేండ్లు పట్టింది నీకు." నవ్వారు. "అనుదీప్ మళ్ళ రెండు బ్యాచులు కూసున్నడు. ఇప్పుడు బేగంపేటల ఉన్నడు, వాని కింద పదిమంది. నిరుడొచ్చి నా గ్లాసులు నాలుగు పట్టుకపోయిండు. నాకు మిగిలినయే ఆరు."

"నాకొకటి ఇస్తారా సార్?"

"కడిగి తీస్కపో. ఐదు చాలు నాకు."

గురువారం పొద్దున్నే హరిణి గారి గదిలోకి వెళ్ళి నిజం చెప్పాను.

"అంటే రెండు నెలలు నేను మెచ్చుకున్న పని నీదా?"

"అవును మేడం. తప్పు నాది. తనకు నేర్చుకునే దారి నేనే మూసేశాను. ఈ ఒక్కరోజు ఇవ్వండి."

"ఇస్తాను. నీ లీడ్ సంగతి తర్వాత మాట్లాడదాం."

యశస్విని దగ్గరికెళ్ళి, నేను రాసిన భాగాన్ని పక్కకు తీసేయమన్నాను. "మళ్ళీ మొదట్నుంచి నువ్వు రాయి" అన్నాను. ప్యాంట్రీలోంచి టీ తెచ్చి, సార్ గ్లాసు నిండా పోసి, పక్కన కూర్చున్నాను.

"ఏంటక్కా ఇది, మీరు తాగడానికా?"

"పట్టుకోడానికి."

ఆ రోజు మూడుసార్లు టీ మార్చాం. తను అడిగిన ప్రతిదానికీ నోటితోనే చెప్పాను. మధ్యాహ్నం ఒకసారి ఏడ్చింది, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది. సాయంత్రానికి నా దానికన్నా పొడుగ్గా, అందవికారంగా ఒకటి తయారైంది. కానీ అందులో ప్రతి లైను ఎందుకుందో తనకు తెలుసు.

శుక్రవారం హరిణి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "డాక్టరు మధ్యాహ్నం ఒక్క పూటే సెలవు పెట్టాడనుకో. మధ్యాహ్నం పేషెంట్లకు మాత్రమే మెసేజ్ వెళ్ళాలి. చెయ్యి."

యశస్విని మొదలుపెట్టింది. నేను వెనక స్టూలు మీద, గ్లాసుతో. పావుగంటకు నడిపించి చూపింది. పొద్దుటి పేషెంట్లకు కూడా మెసేజ్ వెళ్ళిపోయింది.

తప్పెక్కడుందో నాకు కనిపించింది. పైనుంచి నాలుగో లైను. నా వేళ్ళు గ్లాసు చుట్టూ బిగుసుకున్నాయి. యశస్విని ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. హరిణి గారి ముందు నోరు కూడా తెరవకూడదు కాబట్టి టీలోకి చూస్తూ కూర్చున్నాను. అమ్మ ప్రార్థన గుర్తొచ్చింది. మనసులో అదే చేశాను, పేరు మార్చి.

ఇరవై నిమిషాలు. కింద పంజగుట్ట చౌరస్తా హారన్లు వినిపిస్తున్నాయి. యశస్విని పెదాలు కదుపుతూ పైనుంచి ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చింది. నాలుగో దాని దగ్గర ఆగింది.

"మేడం, తేదీ ఒక్కటే చూస్తున్నాను. టైము చూడట్లేదండి." దిద్దింది. ఈసారి మధ్యాహ్నం వాళ్ళకే వెళ్ళింది.

"అరగంట పైనే పట్టింది" అన్నారు హరిణి గారు. "కానీ నీ అంతట నువ్వే పట్టుకున్నావు. సోమవారం లెటర్ తీసుకో." లేచి నా వైపు తిరిగారు. "జాయ్సీ, నీ లీడ్ మాత్రం ఆరు నెలలు వాయిదా. అప్పటిదాకా చూస్తాను."

"సరే మేడం." నాకు బాధ వెయ్యలేదంటే అబద్ధం. కానీ అన్యాయం అనిపించలేదు.

సార్ దగ్గర తీసుకున్న అనుదీప్ నంబరుకు ఆ సాయంత్రం ఫోను చేశాను. యశస్విని సంగతి, సార్ గ్లాసు సంగతి చెప్పాను. పన్నెండేళ్ళ కిందట మెట్ల మీద చెప్పాల్సిన క్షమాపణ కూడా.

"గిప్పుడా చెప్పేది, ముసలోళ్ళమైనంక" అన్నాడు అనుదీప్. తర్వాత మెల్లగా అడిగాడు, "ఆ పిల్ల చేసిందా మరి?"

"చేసింది."

"టీ ఒలకబోసినవా?"

"లేదు. చల్లారిపోయింది, అట్లాగే తాగేశాను."